తొండి మాన్పించడం ఎలా? పిల్లలకు గెలవడం, ఓడడం నేర్పే మార్గదర్శి

వాన పడి వెలిసిన పొద్దు. కబడ్డీ కోర్టు గీతకు అవతల, మెత్తబడిన ఎర్రమట్టిలో మడమ అచ్చు లోతుగా దిగి ఉంది. ఆ అచ్చు వేసిన ఏడో తరగతి పిల్లాడేమో "నేను బయటికి పోలే సార్, అమ్మతోడు" అంటున్నాడు. మిగతా 13 మందీ "తొండి! తొండి!" అని ఒకటే అరుపు.

నేను పాలమూరు జిల్లాలో పీఈటీ సార్‌ని. అంతకుముందు నల్లగొండలో ఒక ప్రైవేటు బడిలో చేశాను. ఇలాంటి పంచాయితీలు ఎన్ని తీర్చానో లెక్కలేదు. మొదట్లో తొండి చేసినవాణ్ణి గ్రౌండ్ చుట్టూ 5 రౌండ్లు ఉరికించేవాణ్ణి. దాంతో వాళ్ల కాళ్లు గట్టిపడ్డాయి, తొండి మాత్రం పోలేదు. రైడ్‌కు వెళ్లేటప్పుడు అడుగు ఎలా వేయాలో నేర్పినట్టే, ఔట్ అయినప్పుడు చెయ్యి ఎలా ఎత్తాలో కూడా ప్రాక్టీస్ చేయించాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ ప్రాక్టీస్ ఎలాగో వరుసగా చెబుతాను. ఇది తల్లిదండ్రులకూ పనికొస్తుంది, గల్లీలో పిల్లలను ఆడించే అన్నలకూ పనికొస్తుంది.

1. ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న మార్చండి

మా వైపు చాలామంది పిల్లల అమ్మానాన్నలు పనుల కోసం బొంబాయి, పుణె పోతారు. పిల్లలు అవ్వ దగ్గరో హాస్టల్లోనో ఉంటారు. టోర్నమెంట్ రోజు సాయంత్రం ఫోన్ వస్తుంది. అటునుంచి మొదటి మాట "గెలిచిన్రా?" అనే. ఒకసారి ఒక పిల్లాడు నా ఫోన్‌లోనే, నా పక్కనే నిలబడి, ఓడిపోయిన మ్యాచ్‌ను గెలిచినమని చెప్పాడు. పాయింట్లతో సహా చెప్పాడు. ఫోన్ నా చేతికిచ్చి తల వంచుకున్నాడు. నేనేమీ అనలేదు. ఎక్కడో బిల్డింగ్ పని దిగి అలసిపోయి ఫోన్ చేసిన నాయనకు సంతోషం ఇవ్వాలనుకున్నాడు వాడు. కానీ తొండికి విత్తనం అక్కడే పడుతుందని ఆ రోజు అర్థమైంది.

అందుకని తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. మొదటి ప్రశ్న "ఎట్ల ఆడినవ్ బిడ్డా?" అని ఉండాలి. రెండోది "అవతలి టీంల ఎవరు మంచిగ ఆడిన్రు?" అని. స్కోరు మూడో ప్రశ్న. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పిల్లాడు అవతలివాళ్ల ఆటను కూడా చూసి ఉండాలి. నాలుగైదు సార్లు అడిగేసరికి చూడటం మొదలుపెడతాడు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో జావెలిన్ ఫైనల్ గుర్తుందా? పాకిస్తాన్‌కు చెందిన అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు. మన నీరజ్ చోప్రా 89.45 మీటర్లతో రజతం తెచ్చాడు. వెండి కూడా మాకు బంగారమే, స్వర్ణం గెలిచినవాడూ మా పిల్లాడే అన్నట్టుగా మాట్లాడింది నీరజ్ తల్లి. కొడుకు ఓడిన రాత్రి ఆ మాట రావాలంటే అది ఆ ఇంట్లో అప్పటికప్పుడు పుట్టిన మాట కాదని నా అనుమానం.

2. చిన్నపిల్లలకు అష్టాచెమ్మతో మొదలుపెట్టండి

5 నుంచి 8 ఏళ్ల పిల్లలను గ్రౌండ్‌లో ఓడించి నేర్పాల్సిన పనిలేదు. అరుగు మీద సుద్దముక్కతో అష్టాచెమ్మ గీయండి, 4 గవ్వలు తీయండి. పండబోయే కాయ చివరి గళ్లలో చచ్చి మళ్లీ మొదటికి వచ్చినప్పుడు పిల్లాడు గవ్వలు విసిరికొడతాడు. కొట్టనివ్వండి. తర్వాత వాడితోనే ఏరించి, అదే ఆట అక్కడి నుంచే కొనసాగించండి. "సరే, ఈసారి చంపలేదనుకో" అని మాత్రం అనకండి.

తాతలు, అవ్వలు మనవడి ముఖం చూసి కావాలని ఓడిపోతుంటారు. ముద్దే, కాదనను. పది ఆటల్లో రెండుమూడు అలా పోనిస్తే నష్టం లేదు. అన్నీ అలాగే పోనిస్తే వాడు బడికి వచ్చిన మొదటి వారమే నాకు దొరుకుతాడు.

3. రూల్స్ ముందే గట్టిగా చెప్పించండి

గల్లీ క్రికెట్‌లో జరిగే గొడవల్లో సగానికి సగం తొండి కానే కాదు, ముందుగా మాట్లాడుకోని రూల్స్. గోడ దాటితే సిక్సా, ఔటా? వన్ టిప్ వన్ హ్యాండ్ ఉందా? ట్రయల్ బాల్ ఎంతమందికి? పంటలు వేసుకుని జట్లు విడిపోయాక, మొదటి బంతి పడకముందే ఒక పిల్లాడు ఇవన్నీ పైకి చెప్పాలి, మిగతావాళ్లు "ఓకే" అనాలి. మా దగ్గర స్టోర్ రూమ్ గోడ మీద సుద్దతో రాస్తారు. గొడవ వస్తే గోడ దగ్గరికి పోయి చూడటమే. ఆట మధ్యలో రూల్ మార్చకూడదు. బ్యాట్ ఎవరిదైతే వాళ్లకు రెండు ఛాన్సులు అనే రూల్ అసలు రాయనివ్వకండి.

4. చెయ్యెత్తడం నేర్పండి

అసలు పని ఇదే. దీనికి మూడు వారాలు తీసుకోండి.

మొదటి వారం ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి మోకాలు తాకే ఆట ఆడించండి. ఎవరి మోకాలికి చెయ్యి తగిలిందో వాళ్లే "టచ్" అని అరవాలి. తాకినవాడు నోరు విప్పకూడదు, విప్పితే ఆ పాయింట్ పోయినట్టే. మామూలుగా ఆటలో తాకినవాడు అరుస్తాడు, తాకించుకున్నవాడు కాదంటాడు. ఇక్కడ తిరగేశాం. మొదటి రోజు గ్రౌండ్ అంతా చిత్రమైన నిశ్శబ్దం. తగిలినవాడు తగల్లేదన్నట్టు ఆకాశంలోకి చూస్తాడు, తాకినవాడు నోరు బిగబట్టుకుని ఎర్రబడతాడు. మూడో రోజుకు ఒకరిద్దరు చెప్పడం మొదలుపెడతారు. వాళ్లకేమీ కాలేదని చూశాక మిగతావాళ్లూ చెబుతారు.

రెండో వారం నలుగురు నలుగురుగా, సగం కోర్టులో, రెఫరీ లేకుండా కబడ్డీ. నేను వేపచెట్టు కింద కూర్చుని అటెండెన్స్ రాసుకుంటున్నట్టు నటిస్తాను. వాళ్లు తీర్పు కోసం నా వైపు చూస్తే నేను రిజిస్టర్ వైపు చూస్తాను. రెండుమూడు సార్లు ఆట ఆగిపోతుంది, తోపులాట కూడా అవుతుంది. ఓపిక పట్టండి. ఎండ ఎక్కుతోంది, బెల్లు కొట్టే టైం అయిపోతోంది అని తెలిశాక వాళ్లే ఏదో ఒకటి తేల్చుకుంటారు.

మూడో వారం మామూలు మ్యాచ్, 7 మందితో, విజిల్‌తో. ఇప్పుడు విజిల్ కంటే ముందు చెయ్యి లేవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నిజం ఒప్పుకున్నందుకు బోనస్ పాయింట్ ఇవ్వకండి. నేను ఇచ్చి చూశాను. వారం తిరక్కుండానే, ఔట్ కానివాళ్లు కూడా చేతులెత్తడం మొదలైంది! "చెప్పినవ్, మంచిది" అని ఒక్కమాట చాలు, ఆట ముందుకు సాగాలి.

ఔట్ అయి కోర్టు బయటి బ్లాక్‌లో కూర్చోవడం కూడా నేర్పాల్సిన విషయమే. కబడ్డీలో ఔట్ అయిన వరుసలోనే తిరిగి లేస్తారు. అదీ మనవాళ్లు అవతలివాణ్ణి ఔట్ చేస్తేనే. రైడర్ బోనస్ గీత దాటినందుకు పాయింట్ వస్తే స్కోరు పెరుగుతుంది గానీ ఎవరూ లేవరు. అంటే నువ్వు మళ్లీ ఆడటం నీ తోటివాడి చేతిలో ఉంది. బ్లాక్‌లో ముఖం ముడుచుకుని కూర్చునేవాడికి పని చెప్పండి, రైడ్ 30 సెకన్లను పైకి లెక్కపెట్టమనండి. ఖోఖోలో ఇంకా కష్టం. వీపు మీద చెయ్యి పడి "ఖో" వినబడేదాకా గడిలోంచి లేవకూడదు. రన్నర్ ముందు నుంచే పరుగెత్తుతున్నా సరే కూర్చోవాలి. తొందరపాటు పిల్లలను నేను ముందు ఖోఖోలో కూర్చోబెడతాను.

ఇంతకీ ఆ మడమ అచ్చు సంగతి. నేను తీర్పు చెప్పలేదు. "ఆ అచ్చుల నీ కాలు పెట్టి చూడు" అన్నాను. పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. వాడికే నవ్వొచ్చింది, చెయ్యెత్తి బయటికి నడిచాడు.

పిల్లలు ఒకరోజు అడుగుతారు, "ఒప్పుకుంటే ఓడిపోతం కద సార్?" అని. "నిజాయితీగ ఉంటే దేవుడే గెలిపిస్తడు" అని చెప్పకండి, అది అబద్ధం. 1980లో బొంబాయి వాంఖడేలో ఇంగ్లండ్‌తో టెస్టు. ఇంగ్లండ్ 58 పరుగులకు 5 వికెట్లు పోగొట్టుకుని ఉంది. బాబ్ టేలర్‌ను అంపైర్ ఔట్ ఇచ్చాడు. బ్యాట్‌కు బంతి తగల్లేదని తెలిసిన మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ అతణ్ణి వెనక్కి పిలిచాడు. ఆ టేలర్ బోథమ్‌తో కలిసి 171 పరుగులు జోడించాడు. ఇండియా 10 వికెట్ల తేడాతో ఓడింది. నేను ఈ కథ మొత్తం చెబుతాను, ఓటమి దాచను. "మరి పిచ్చోడా సార్ ఆయన?" అని ఒకడు అడిగాడు. తరగతిలో అరగంట గొడవ నడిచింది. అలాంటి గొడవ జరగాలి.

5. ఓడిన వెంటనే మొదటి పది నిమిషాలు

విజిల్ పడగానే ముందు చేతులు కలపడం. ఏడుపు రాకముందే అయిపోవాలి. వరుసలో నిలబడి వట్టిగా చేతులు తాకిస్తూ పోతే సరిపోదు. మనకు దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకోవడం తెలుసు. పొద్దున పొలం గట్టు దగ్గర తిట్టుకున్నవాళ్లు కూడా ఆ సాయంత్రం తీసుకుంటారు. "జమ్మి ఇచ్చినట్టు ఇయ్యిర్రి" అంటే మా పిల్లలకు వెంటనే అర్థమైంది. దానికి తోడు ఒక మాట అనాలి, అది ఖచ్చితమైనదై ఉండాలి. "బాగా ఆడిన్రు" అంటే లెక్కలోకి రాదు. "నీ యాంకిల్ హోల్డ్ మస్తుంది" అనాలి. ఇది కూడా ముందే రిహార్సల్ చేయించాలి. లేకపోతే ఆ టైంలో నోరు రాదు.

తర్వాత నీళ్లు, నీడ. ఏడిస్తే ఏడవనివ్వండి. "మగపిల్లగానివి, ఏడుస్తవేందిరా" అనేవాళ్లను కాస్త దూరంగా పంపండి. "రెఫరీ మోసం చేసిండు" అనకండి, నిజంగా చేసినా ఆ క్షణంలో అనకండి. "పోనీలే, ఆటే కదా" కూడా వద్దు. నెల రోజులు పొద్దున 6 గంటలకు వచ్చిన పిల్లకు అది ఉత్త ఆట కాదు.

ఆడపిల్లల ఓటమికి ఇంకో బరువుంటుంది. గెలిచినంతకాలం ఇంట్లో ఊరుకుంటారు. ఓడగానే "ఇగ చాలు తీయ్" అంటారు. రేపటి నుంచి పంపరేమోననే భయంతో ఆడేవాళ్లు ప్రతి పాయింట్‌కూ ప్రాణం పెట్టి కొట్లాడతారు. దాన్ని మొండితనం అనుకుని నేను చాలా రోజులు పొరపడ్డాను. అలాంటి పిల్ల ఓడిన రోజు నేను చేసే మొదటి పని వాళ్ల ఇంటికి ఫోన్. "మీ బిడ్డ మంచిగ ఆడింది, సోమవారం పొద్దున్నే ప్రాక్టీస్ ఉంది, పంపండి" అని చెబుతాను. ఆట పాఠం మరునాటికి వాయిదా.

2016 రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్ వీడియో చూపించండి. సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచి, తర్వాత రెండూ 12-21, 15-21తో ఓడింది. గెలిచిన కరోలినా మారిన్ కోర్టు మీద కూలబడి ఏడుస్తోంది. సింధు వెళ్లి ఆమెను కౌగిలించుకుంది, కింద పడి ఉన్న మారిన్ రాకెట్‌ను కూడా తీసి పెట్టింది. నేను రాకెట్ దగ్గర వీడియో ఆపుతాను. దాని గురించి ఒక్క మాటా చెప్పను.

తప్పులెక్కడ జరిగాయో మరునాడు మాట్లాడండి. అదీ రెండే ప్రశ్నలు: "మళ్ల ఆడితే ఏం మారుస్తవ్? ఏం మార్చవ్?"

6. గెలిచినప్పుడు

తొడ కొట్టడం తప్పా? కాదంటాను. కబడ్డీలో అది లేకపోతే ఉప్పు లేని పప్పే. రైడ్‌కు వెళ్లేముందు కొట్టుకో, పాయింట్ తెచ్చి మీవాళ్ల వైపు తిరిగి కొట్టుకో. ఔట్ అయి కింద పడినవాడి ముఖం ముందు మాత్రం కొట్టకు. మా దగ్గర రూల్ ఇంతే, పిల్లలకు ఈ తేడా చక్కగా తెలుస్తుంది.

ఈమధ్య అసలు గొడవలు గ్రౌండ్‌లో కాదు, వాట్సాప్ స్టేటస్‌లో మొదలవుతున్నాయి. ఓడినవాళ్ల ఫొటో పెట్టి "బచ్చాగాళ్లు" అని రాయడం, వాళ్ల గల్లీ ముందు బైకు హారన్ కొట్టడం. నేను నీతి చెప్పను, లెక్క చెబుతాను. స్కూల్ గేమ్స్‌లో మండల స్థాయిలో నీ మీద ఆడినవాడే రేపు జిల్లా జట్టులో నీ పక్కన నిలబడొచ్చు. వాడు నీ చెయ్యి పట్టుకుని చైన్ కట్టాలి. ఇవాళ స్టేటస్ పెట్టి రేపు చెయ్యి పట్టమంటే పడతాడా?

7. ఆటలో అరటిపండును ఆటలోకి తీసుకోండి

ప్రతి గల్లీలో ఒక చిన్నోడు ఉంటాడు. ఆడుతున్నట్టే ఉంటుంది, లెక్కలో ఉండడు. బ్యాటింగ్ రాకముందే చీకటి పడుతుంది. ఇలాంటివాణ్ణి కామన్ ప్లేయర్‌గా పెట్టండి, రెండు జట్లకూ బ్యాటింగ్ చేస్తాడు. రోజుకు ఒక్క ఓవరైనా వాడికి తప్పక రావాలి. జట్లను ఎంచుకునేటప్పుడు చివరికి మిగిలిపోయే పిల్లను వారానికోసారి కెప్టెన్ చేయండి. అప్పుడు ఎంచుకునేది తనే. ఇది అన్నిసార్లూ సాఫీగా జరగదు. మొదటిసారి కెప్టెన్ అయిన ఒకమ్మాయి మొత్తం తన స్నేహితులనే తీసుకుని ఘోరంగా ఓడింది.

8. విజిల్ పిల్లల చేతికివ్వండి

అందరూ వంతులవారీగా అంపైర్ చేయాలి. ఎక్కువ వాదించేవాడికి మొదటి వంతు. తీర్పు మీద అడిగే హక్కు కెప్టెన్‌కు మాత్రమే, అదీ ఒక్కసారి, చేతులు వెనక్కి కట్టుకుని. చేతులు కట్టుకుంటే గొంతు దానంతట అదే తగ్గుతుంది. ఎందుకో నాకు తెలియదు, చేసి చూడండి.

9. అయినా తొండి మానని పిల్లాడు

ముందు పేరు పెట్టకండి. ఊళ్లో ఒకసారి "తొండోడు" అని పేరు పడితే పెళ్లయ్యేదాకా పోదు. ఆ పేరు మోస్తున్నవాడికి నిజం చెప్పి లాభమేముంది?

శిక్ష ఆటలోనే ఉండాలి, అందరికీ ఒకటే ఉండాలి. కబడ్డీలో కార్డులున్నాయి. గ్రీన్ అంటే హెచ్చరిక, ఎల్లో అంటే 2 నిమిషాలు బయట, రెడ్ అంటే మ్యాచ్ నుంచే బయటికి. పాత నోట్‌బుక్ అట్టలు కోసి రంగేసుకున్నాం. నేను అరవడం తగ్గింది. 2 నిమిషాలు జట్టు ఆరుగురితో ఆడుతుంటే బయట నిలబడి చూడటం 5 రౌండ్ల కంటే బాగా పనిచేసింది.

ఆ తర్వాత వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. నేను చూసినంతలో ఎక్కువమంది భయంతోనే తొండి చేస్తారు. ఇంట్లో అన్న ఎక్కిరిస్తాడు, లేదా నాయన కొడతాడు. అప్పుడు మాట్లాడాల్సింది పిల్లాడితో కాదు.

10. గీత బయట నిలబడ్డ మనం

ఈ మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నేను ప్రైవేటు బడిలో ఉన్నప్పుడు అండర్-14 జట్టులో వయసు దాటిన పిల్లాణ్ణి ఆడించాం. బడివాళ్లు బోనఫైడ్‌లో పుట్టిన తేదీ మార్చారు. తెలిసే నేను ఎంట్రీ ఫారం మీద సంతకం పెట్టాను. గెలిచాం, కప్పుతో ఫొటో దిగాం. నెల తర్వాత ప్రాక్టీస్‌లో ఒకడు తొండి చేస్తే పట్టుకున్నాను. వాడు మెల్లగా "ఆ పెద్దన్నది గుడ తొండే కద సార్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ పెద్ద పిల్లాడికి కూడా మిగిలిందేమీ లేదు. సర్టిఫికెట్‌లో తేదీ, పదో తరగతి మెమోలో తేదీ కలవక ఎక్కడా చూపించుకోలేకపోయాడు.

కాబట్టి మీ పిల్లాడి వయసు తగ్గిస్తామని ఎవరైనా అంటే, బడివాళ్లయినా కోచ్ అయినా, అక్కడే వద్దనండి. పిల్లాడి ముందే అనండి.

ఇక మ్యాచ్ చూడటానికి వచ్చి "కాళ్లు ఇరగ్గొట్టు" అని కేకలేసే పెద్దమనుషులు. బతిమాలితే వినరు, కసురుకుంటే ఇంకా లేస్తారు. అందరికంటే గట్టిగా అరిచేవాణ్ణి పిలిచి స్కోరు బోర్డు అప్పజెప్పండి. రెండు జట్ల పాయింట్లు రాసేసరికి ఆయనకు అరిచే తీరిక ఉండదు.

మ్యాచ్ అయ్యాక ఇంకో పని మిగిలి ఉంటుంది. కోన్లు, తాళ్లు, ముగ్గు డబ్బా ఏరేది మా దగ్గర గెలిచిన జట్టే. నీళ్ల క్యాన్ మాత్రం ఇద్దరు పట్టుకోవాలి, ఈ జట్టు నుంచి ఒకరు, ఆ జట్టు నుంచి ఒకరు. 20 లీటర్ల క్యాన్, సగం నీళ్లున్నా బరువే. స్టోర్ రూమ్ దాకా పోవాలంటే ఇద్దరూ ఒకే అడుగు వేయాలి, లేదంటే చొక్కాలు తడుస్తాయి.